గుర్రం వెనక నుంచి ఎందుకు వెళ్లకూడదు?

గుర్రాల ఫారంలో పిల్లలకు మొదట నేర్పాల్సింది స్వారీ కాదు, గుర్రం దగ్గరికి వెళ్లే పద్ధతి. ఎందుకు? గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందుకే దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కానీ సరిగ్గా తోక వెనకా, నుదుటి ముందూ ఏముందో దానికి కనబడదు. క్రూరమృగాల నుంచి పారిపోతూ బతికిన జాతి కదా, వెనక అలికిడైతే తన్నేస్తుంది. అది పొగరు కాదు, భయం.

మరి ఎలా వెళ్లాలి? మెల్లగా మాట్లాడుతూ, పక్కనుంచి భుజం వైపు నడవండి. ముందు మెడ నిమరండి. చెవులు మీవైపు తిరిగితే మిమ్మల్ని గమనిస్తోందని అర్థం. వెనక్కి అణిగితే అక్కడే ఆగండి. ఇక డెక్క శుభ్రం చేసేటప్పుడు అందులోని మట్టిని మడమ నుంచి ముందుకు గీకాలి, మధ్యనున్న మెత్తని త్రికోణ భాగాన్ని గుచ్చకూడదు. పగ్గాన్ని మాత్రం ఎప్పుడూ చేతికి చుట్టుకోకండి. గుర్రం బెదిరితే మిమ్మల్నీ ఈడ్చుకుపోతుంది.