ఆపదవేళ బడి

జనగామ చెంతనున్న బైరాన్‌పల్లి ప్రజలు బురుజుపై కావలి యుంచి రజాకార్ల దాడులను పలుమారు త్రిప్పికొట్టిరి. 1948 ఆగస్టు 27న మాత్రము రజాకార్లు సైన్యముతో గూడి వచ్చి పెక్కుమందిని చంపిరి. ముందేర్పాటుచే ప్రతి యాపదయు తొలగదు. అది లేనిచో తప్పించుకొను వ్యవధియే యుండదు.

ఉపాధ్యాయుని యింటివారమగు మేము చెప్పునది యిదియే. జనగామయైనను, మహబూబాబాదైనను, భూపాలపల్లియైనను, ప్రతి బడియు నొక హెచ్చరిక గంటను ముందే నిశ్చయించుకొనవలయును. అది మ్రోగగనే, దారి నిరపాయమైనచో ఉపాధ్యాయులు పిల్లలను వెలుపలికి గొనిపోవలయును. కానిచో తలుపు గడియవేసి, కిటికీలకు దూరముగా నిశ్శబ్దముగ నుంచవలయును. ఒకరు 112కు ఫోను చేయవలయును. ఆపద తీరినపిదప హాజరుపట్టీతో పిల్లలను లెక్కింపవలయును.

వార్త వినగనే తల్లులము బడివాకిటికి పరుగిడుదుము. ఆ గుంపే రక్షకభటులకు అడ్డగును. ఆ క్షణమున కాళ్లను నిలుపుకొనుటయే మన ధైర్యము. పంతులమ్మ మాట జవదాటవలదని బిడ్డకు నేడే నేర్పుడు.