గల్ఫ్ సేల్‌లో కొన్న సరుకు ఇంటికొచ్చేసరికి ఎంత?

ఏలూరు: ఆషాఢం వచ్చిందంటే ఏలూరు, తాడేపల్లిగూడెం బట్టల దుకాణాల ముందు తగ్గింపు బోర్డులు లేస్తాయి. బతుకుతెరువు కోసం కువైట్, దుబాయ్ వెళ్లిన మన ప్రాంతపు ఆడవారికి మాత్రం సేల్ కాలం వేరు. దుబాయ్‌లో 1996లో మొదలైన షాపింగ్ పండుగ మన సంక్రాంతి దరిదాపుల్లో జరుగుతుంది. కువైట్‌లో ఫిబ్రవరి 25, 26 తేదీల జాతీయ ఉత్సవాలకు ధరలు దించుతారు. యిక్కడ కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర రోజులు దగ్గరపడేదీ అప్పుడే. యింక లంక గ్రామాల నుంచి ఫోన్లే ఫోన్లు. "పిన్నీ, నాకేం తెస్తున్నావ్?" అని ఒకరు, "బావగారికి వాచీ మరిచిపోకు" అని మరొకరు.

యిళ్లల్లో పనిచేసే వారికి కువైట్ ప్రభుత్వం 2016లో నెలకు 60 దినార్లు కనీస జీతంగా నిర్ణయించింది. అంటే రోజుకు రెండు దినార్లు. పది దినార్ల దుప్పటి సేల్‌లో ఆరుకు వచ్చిందనుకుందాం. నాలుగు దినార్లు మిగిలాయని దుకాణదారు చెబుతాడు. కానీ కొన్న మనిషికి మూడు రోజుల చాకిరీ ఖర్చయింది. యిక్కడ అప్పు యిచ్చిన వారికి కట్టాల్సిన వడ్డీ కూడా ఆ జీతంలోదే.

అసలు ఆ సేల్ చూడటానికైనా సెలవు దొరకాలి. వారానికొక రోజు సెలవు యివ్వాలని అక్కడి 2015 చట్టం చెబుతోంది. సెలవు దొరికిన వారు కువైట్ సిటీలోని మాలియా దగ్గర మనవాళ్లను కలుసుకుని బజారుకు వెళతారు. దొరకని వారు తోటివారికి డబ్బిచ్చి తెప్పించుకుంటారు. రంగు నచ్చినా నచ్చకపోయినా అంతే.

తరువాత విమానం బరువు. దుప్పట్లు చోటు తింటాయి, పాలపొడి డబ్బాలు తూకం తింటాయి. పరిమితి దాటితే కిలోకింత చొప్పున కట్టాలి. లేదా అక్కడే ఎవరికో యిచ్చేసి రావాలి. తివాచీలు సైతం మోసుకొచ్చే వారున్నారు. ఏలూరు తివాచీలు విదేశాలకు ఎగుమతి అవుతుంటే, ఏలూరు యింటికి విదేశీ తివాచీ! టీవీ ముచ్చట 2013 ఆగస్టు 26తో తీరింది. ఆ రోజు నుంచి పలక టీవీ తెస్తే సుంకం కట్టాల్సిందే.

బంగారం సంగతి వివరంగా చెప్పుకోవాలి. "సగం ధర" అని బోర్డు వున్నా గ్రాము ధర ఎవరూ తగ్గించరు. తగ్గేది తరుగు, మజూరీ మాత్రమే. దుబాయ్‌లో 2018 నుంచి 5 శాతం పన్ను కూడా వుంది. చూసిపోవడానికి వచ్చిన వారికి అది తిరిగి యిస్తారు గాని అక్కడే పనిచేసే వారికి యివ్వరు. మన దేశంలో 2024 జూలైలో బంగారం దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించాక, అక్కడికీ యిక్కడికీ ధరలో తేడా బాగా సన్నగిల్లింది.

2016 నాటి కస్టమ్స్ నిబంధనల ప్రకారం ఏడాదికి పైగా విదేశంలో వున్న స్త్రీ 40 గ్రాముల నగలు, అంటే అయిదు కాసులు, సుంకం లేకుండా తెచ్చుకునే వీలుండేది. కానీ వాటి విలువ లక్ష రూపాయలు దాటకూడదన్నారు. ఆ రోజుల్లో లక్షకు నాలుగు కాసులు వచ్చేది. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారమే లక్ష దాటింది. ఆ లెక్కన లక్షకు కాసున్నర కూడా రాలేదు. అయిదు కాసులు తెచ్చుకోవచ్చన్న పాత మాట నమ్మి వచ్చిన వారికి అప్పట్లో విమానాశ్రయంలో గుండె ఆగినంత పనయ్యేది. యీ నిబంధనలు మారుతుంటాయి గనుక, పోయినసారి వచ్చిన పక్కింటావిడ మాట మీద ఆధారపడక, ప్రయాణానికి ముందే తాజా పరిమితి కస్టమ్స్ వారినే అడిగి తెలుసుకోవాలి.

యిక్కడి నుంచి వేసుకువెళ్లే పాత నగలకు బయలుదేరేటప్పుడే కస్టమ్స్ ధ్రువపత్రం తీసుకోవడం మేలు. అక్కడ కొన్న వాటి బిల్లులు చేతిసంచిలో వుంచుకుంటే, అడిగినప్పుడు పెట్టె అడుగున దుప్పట్ల మధ్య వెతుక్కునే బాధ వుండదు.