కొత్త కారుకు బీమా ప్రీమియం ఎందుకు పెరుగుతుంది? – ఒక వివరణ

పాత కారు స్థానంలో కొత్తది కొన్నవారికి బీమా ప్రీమియం పెరగడం అన్యాయంగా తోచవచ్చు. నడిపే వ్యక్తి మారలేదు, తిరిగే దారులూ మారలేదు. అయితే భారతదేశంలో మోటారు బీమా గణన ప్రధానంగా వాహనాన్నే ఆశ్రయించింది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా ధరను పెట్రోలు, డీజిలు కార్లకు ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి నిర్ణయిస్తారు. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కార్లకు దీనిని మూడేళ్లకు ఒకేసారి తీసుకోవలసి ఉంది. తొలి చెల్లింపు భారంగా కనిపించడానికి ఇదొక కారణం. ఇది చాలావరకు ముందస్తు చెల్లింపే.

అసలైన పెరుగుదల సొంత నష్టం భాగంలో ఉంది. దీనికి ఆధారం ఐ.డి.వి., అనగా తయారీదారు ప్రకటించిన ధర నుండి తరుగుదలను మినహాయించగా మిగిలిన విలువ. ఆరు నెలల లోపు కారుకు తరుగుదల 5 శాతం. నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు కారుకు 50 శాతం. 10 లక్షల రూపాయల కారు మొదట 9.5 లక్షలకు, ఐదో ఏట 5 లక్షలకు బీమా అవుతుంది. కారు చోరీ అయితే సంస్థ చెల్లించేది ఈ విలువ మేరకే కనుక ప్రీమియం దానిని అనుసరిస్తుంది.

ఈ భారాన్ని తగ్గించే నో క్లెయిమ్ బోనస్ వాహనానిది కాదు, యజమానిది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకుంటే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం రాయితీ లభిస్తుంది. ఆంగ్ల పాలసీ పత్రాల్లో మరుగున పడే నిబంధన ఇది. పాత కారు అమ్మినపుడు ధ్రువపత్రం పొందితే, మూడేళ్ల లోపు కొనే కారుకు ఈ రాయితీని బదిలీ చేసుకోవచ్చు.