ముంపునకు లొంగని వరి

వరి నీటిలో పెరుగు పైరేగాని నీటిలో మునిగి బ్రతుకు పైరు కాదు. నాట్లు ముగిసిన కొలదిదినములకే వరద వచ్చి పది దినములు చేలపై నిలిచెనేని, పల్లపు భూముల రైతునకు మిగులునవి కుళ్లిన పైరును, తీర్పవలసిన అప్పును మాత్రమే. గోదావరి డెల్టావాసులకు ఈ సంగతి విశదీకరింప నక్కఱలేదు.

మునిగిన పైరు ఏల నశించును? మొక్క తనలో పుట్టించుకొను ఎథిలీన్ అను వాయువు నీటిలో బయటికి పోజాలక మొక్కయందే నిలిచిపోవును. దాని ప్రేరణచే సాధారణపు వరి ఆకులను నీటిపైకి చాచుటకై తొందరపడి, నిలువయున్న పిండిపదార్థము నంతయు వెచ్చించును. వరద తీయునాటికి శక్తి యుడిగి వాలిపోవును.

ఒడిశా నాటువరులనుండి ఎన్నిక చేయబడిన ఎఫ్.ఆర్.13ఏ అను వంగడము ఇట్లు చేయదు. దీని రహస్యమును 2006లో అమెరికా, ఫిలిప్పైన్సు పరిశోధకులు వెల్లడించిరి. సబ్1ఏ అను జన్యువు ఆ ఎథిలీన్ చేతనే మేలుకొని, మొక్కను పెంచు జిబ్బరెల్లిన్ అను ద్రవ్యముయొక్క ప్రభావమును అణచివేయును. పైరు పెరుగుట మాని, ఉన్న బలమును దాచుకొని, నీరు తీసినపిమ్మట క్రొత్త చిగుళ్లు వేయును. సుమారు రెండు వారముల ముంపును ఇట్లు సహింపగలదు.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనాస్థానమున రూపొంది 1982లో విడుదలయైన స్వర్ణ, తూర్పు భారతమునందంతటను వ్యాపించినది. ఈ జన్యువును వరుస సంకరములచేత స్వర్ణలో చేర్చి, స్వర్ణ-సబ్1 అను పేర 2009లో మనదేశమున విడుదల చేసిరి. ఒడిశా పొలములలో జరిగిన పరీక్షల ఫలితములు 2013లో ప్రకటితమైనవి. పది దినములు మునిగినచోట దీని దిగుబడి స్వర్ణకంటె నూటికి 45 వంతులు హెచ్చుగ నుండెను. ముంపు లేనిచోట నష్టము కానరాలేదు. మిక్కిలి మునుగు పల్లములను సాగుచేయువారిలో షెడ్యూల్డు కులములవారు హెచ్చుగ నున్నారనియు ఆ పరిశోధకులే గుర్తించిరి. కావున ఈ విత్తనము ముందుగా చేరవలసినది వారి కళ్లములకే. పండిన ధాన్యమునుండియే మఱుసటియేటికి విత్తనము దాచుకొనవచ్చును గనుక, భూస్వాములు తమ కౌలుదార్లకు దీనిని సమకూర్చుట కష్టము కాదు.

అయినను ఇది సర్వరోగనివారిణి కాదు. నెలల తరబడి నిలుచు నీటికిని, వెన్నుపై వచ్చు తుపానునకును ఇది మందు కాజాలదు. మురుగుకాలువల పూడిక తీయక పోవుటకు ఇది సాకు కారాదు.

మఱియొక సంగతి గమనింపదగును. ఎఫ్.ఆర్.13ఏ దిగుబడి స్వల్పము. లాభము నొక్కదానినే లెక్కించి దానిని పారవైచియుండినచో నేడు స్వర్ణకు ఈ రక్షణ లభించియుండెడిది కాదు. చౌడును, బెట్టను, తెగుళ్లను ఎదిరించు గుణములు మన పాతరలలోని ఏ నాటుగింజయందు దాగియున్నవో ఎవ్వరెఱుగుదురు? అట్టి విత్తనములు గలవారు పిడికెడైనను పరిశోధనాస్థానములకు అందజేయుదురుగాక.