మీకు తెలుసా? వరిమళ్ల మీథేను లెక్క

భారతదేశపు వరిమళ్లనుండి ఏటేటా సుమారు 3.78 కోట్ల టన్నుల మీథేను వాయువు వెలువడుచున్నదని అమెరికా పర్యావరణ సంస్థ అంచనా కట్టగా, ఢిల్లీలో కరోల్ బాగ్ చెంతనున్న జాతీయ భౌతిక ప్రయోగశాల నాయకత్వమున 1991లో మన శాస్త్రజ్ఞులు మళ్లలో దిగి కొలిచి తేల్చిన మొత్తము దాదాపు 40 లక్షల టన్నులు మాత్రమే!

పరదేశపు పొలముల కొలతలను మన నేలకు ఆపాదించుటవలన వచ్చిన చిక్కిది. నిలువనీటి క్రింద ప్రాణవాయువు అందని మట్టియందే మీథేను పుట్టును. మన మళ్లలో పెక్కు వానకై ఎదురుచూచుచు, నడుమనడుమ ఎండుచుండును గదా! ఈ పరిశోధనకు సారథి అయనోవరణ శాస్త్రవేత్త ఏ.పి. మిత్ర.

అదే ఏట పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్‌లు ఢిల్లీనుండి వెలువరించిన చిన్నపొత్తము, భూతాపపు లెక్కలలో పొట్టకూటి సేద్యపు వాయువును విలాసపు మోటారుపొగతో ఏకము చేయరాదని వాదించెను.