స్టోర్డ్ ప్రొసీజరుకు తగిన కూర్పు ఏది?

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు 16వ శతాబ్దములో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున నిర్మితమైనది. ఇట్టి చెరువుల కింద సేద్యము చేయు రైతు తనకు నీరు కావలెనని కట్టను తెగగొట్టడు. వంతు ప్రకారము నీరటి తూము తెరచును. నీరు కాలువ వెంట పొలమునకు చేరును. కట్ట నిలుచుటకును, ఎవరి వాటా వారికి దక్కుటకును ఈ కట్టుబాటే ఆధారము.

కంప్యూటరులోని డేటాబేస్ కూడ ఒక చెరువు వంటిదే. అది క్రమముగా అమర్చిన సమాచార భాండారము. దానిలోనికి ఎవరు పడిన వారు చేయి పెట్టినచో గండి తప్పదు. అందుచే, చేయవలసిన పనిని ముందే వ్రాసి, పేరు పెట్టి, డేటాబేస్‌లోనే భద్రపరచుదురు. దానినే స్టోర్డ్ ప్రొసీజర్ అందురు. 1987లో వెలువడిన సైబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఈ పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినది. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆ వంశమునకు చెందినదే.

ఒక కళాశాలలో ఫీజు చెల్లింపును ఉదాహరణగా తీసికొందము. సొమ్ము జమ వ్రాయవలెను. విద్యార్థి బాకీ తగ్గించవలెను. రసీదు సంఖ్య ఇవ్వవలెను. జమ వ్రాసిన పిమ్మట విద్యుత్తు పోయినచో, సొమ్ము చేరినను బాకీ అట్లే నిలుచును. ఈ మూడు మెట్లను ఒక ప్రొసీజరులో చేర్చి, ఒకే ట్రాన్సాక్షనుగా కట్టినచో, అన్నియు జరుగును, లేదా ఏదియు జరుగదు. గుమాస్తాకు పట్టికలను తాకు అధికారము లేకుండ, ఆ ప్రొసీజరును నడపు అధికారము మాత్రమే ఇవ్వవచ్చును.

ఇంజనీరింగు కళాశాలలు అనేకము నెలకొన్న ఇబ్రహీంపట్నం ప్రాంతములో ఈ విద్య నేర్చువారు తక్కువ కారు. వారికి మొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే: ఏ కూర్పు తెచ్చుకొనవలెను? ఎక్కువ ధర గలదే మేలైనదని పలువురి తలంపు. అది సరికాదు. ఇక్కడ రెండు వేరు వస్తువులు కలవు. ఒకటి ప్రొసీజరును వ్రాయు సాధనము. రెండవది దానిని నడపు సర్వరు. రెండింటికిని వేరు వేరు కూర్పులు ఉన్నవి.

మొదట వ్రాయు సాధనమును చూతము. ఒకప్పుడు విజువల్ స్టూడియో ఉచిత ఎక్స్‌ప్రెస్ కూర్పులలో ప్రొసీజరును వరుస వరుసగా ఆపి తప్పు పట్టు డీబగ్గర్ సౌకర్యము లేకుండెను. దానికై ప్రొఫెషనల్ కూర్పు కొనవలసి వచ్చెడిది. 2014లో కమ్యూనిటీ కూర్పు వచ్చిన తరువాత ఆ అవసరము తీరినది. దానికి ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటా టూల్స్ అను భాగమును చేర్చినచో డీబగ్గర్ లభించును. విద్యార్థులకును, తరగతి బోధనకును ఇది ఉచితము. పెద్ద సంస్థలకు మాత్రము నిబంధనలు వేరు. మేనేజ్‌మెంట్ స్టూడియో అను మరియొక ఉచిత సాధనము కలదు. వ్రాయుటకు అది చాలును గాని, 2019లో వచ్చిన 18వ వెర్షను నుండి దానిలో డీబగ్గర్ తొలగింపబడినది. ఒక హెచ్చరిక: డీబగ్గర్ నడుమ ఆగినప్పుడు పట్టికలకు తాళము పడవచ్చును. కావున నిజమైన లెక్కలు నడచు సర్వరుపై దానిని ఎన్నడును వాడరాదు.

ఇక సర్వరు సంగతి. ప్రొసీజరు వ్రాయు భాష అన్ని కూర్పులలోను ఒక్కటే. భేదము పరిమాణములోను, అదనపు సౌకర్యములలోను, అనుమతిలోను ఉన్నది. 2022 నాటి ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను చూడుడు. దాని ఎక్స్‌ప్రెస్ కూర్పు ఉచితము. నిజమైన పనికిని వాడవచ్చును. కాని ఒక్కొక్క డేటాబేస్ 10 గిగాబైట్లు మించరాదు. రాత్రివేళ తనంతట తాను పనులు నడపు ఏజెంట్ దానిలో లేదు. డెవలపర్ కూర్పు కూడ ఉచితమే. అత్యంత ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ కూర్పులోని సౌకర్యములన్నియు దానిలో కలవు. అయితే దానిని వ్రాసి పరీక్షించుటకే వాడవలెను. నిజమైన కార్యాలయ వ్యవహారమునకు వాడరాదు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. విద్యార్థి డెవలపర్ కూర్పులో ప్రొసీజరు వ్రాసెను. వాడుక ఆగకుండగనే సూచికను తిరిగి కట్టు ఎంటర్‌ప్రైజ్ సౌకర్యమును దానిలో వాడెను. అతని యంత్రముపై అది చక్కగా నడచెను. కళాశాలలో ఉన్నది ఎక్స్‌ప్రెస్. ప్రవేశముల నాడు ఆ ప్రొసీజరు దోషము చూపి ఆగిపోవును. కిటికీ ముందు విద్యార్థుల వరుస నిలిచిపోవును. తప్పు భాషది కాదు, ఎంపికది.

కావున ఎంపికకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ప్రొసీజరు చివరకు ఏ సర్వరుపై నడచును? ఆ కూర్పు హద్దు ఎంత? అనుమతి దేనికి? వీనికి సమాధానము దొరికిన పిమ్మట వ్రాయు సాధనమును ఎంచుట సులభము. ఏ కూర్పులో వ్రాసినను, తుదకు నడపబోవు కూర్పుపై ఒకసారి పరీక్షింపక విడువరాదు. నేర్చుటకు మాత్రమే అయినచో కూర్పుల భేదము లేని పోస్ట్‌గ్రెస్ కూడ కలదు. అది ఉచితము, 2018లో వచ్చిన 11వ వెర్షను నుండి దానిలోను స్టోర్డ్ ప్రొసీజర్లు ఉన్నవి.

తూము కట్టువాడు ముందు కాలువ వెడల్పు చూచును. కాలువ పట్టనంత నీరు విడుచు తూము ఎంత గొప్పదైనను పొలమునకు మేలు చేయదు.