దూరప్రయాణానికి పాత కారు: మీటరు చెప్పని చరిత్ర

హైదరాబాదు పాతబస్తీ నుంచి దూరప్రయాణానికి బయలుదేరే కారుకు ఒకే రోజున రెండు భిన్నమైన పరీక్షలు ఎదురవుతాయి. శాలిబండ, ఫలక్‌నుమా దారుల్లో మొదటి, రెండో గేర్లతోనే నెట్టుకొచ్చిన బండి, ఆరాంఘర్ చౌరస్తా దాటి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన తరువాత కర్నూలు వైపో, ఇంకా ముందున్న బెంగళూరు వైపో గంటల తరబడి నిలకడైన వేగంతో పరుగెత్తవలసి ఉంటుంది. ఊళ్లో తిరగడానికి బాగున్న కారు అంత దూరానికి పనికిరాకపోవచ్చు. కాబట్టి సెకండ్ హ్యాండ్ కారు కొనదలచినవారు అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడగడంతో ఆగకుండా, ఎక్కడ, ఎలా తిరిగిందో తెలుసుకోవాలి.

తక్కువ తిరిగిన కారే మంచి కారన్న నమ్మకం బజారులో బలంగా ఉన్నది. అయితే కిలోమీటర్లను లెక్కించే ఓడోమీటరు చక్రాలు తిరిగిన దూరాన్ని చూపుతుందే తప్ప, సిగ్నళ్ల వద్ద, బారాత్‌ల వెనుక ఇంజిను ఆగకుండా నిలబడిన గంటలను చూపదు. ఇంజిను శక్తిని గేర్‌బాక్సుకు కలిపి విడదీసే క్లచ్, బ్రేకు ప్యాడ్లు నగరంలోనే త్వరగా అరుగుతాయి. రహదారిపై నిలకడగా నడిచిన ఇంజినుకు ఆయిల్ సకాలంలో మారుస్తూ వచ్చినట్లయితే, 1,00,000 కిలోమీటర్లు దాటిన కారైనా నగరంలో నలిగిన 40,000 కిలోమీటర్ల కారు కంటే మెరుగ్గా ఉండవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ కార్ల విషయంలో ఈ తేడా మరింత ముఖ్యం. వాటి పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు తగిన వేగంతో ఆగకుండా నడవాలి గనుక, ఊళ్లోనే తిరిగిన కారులో అది పూడుకుపోయి ఖరీదైన మరమ్మతుకు దారితీస్తుంది. నెలకొకసారి మాత్రమే రహదారి ఎక్కే కుటుంబానికి అందుకే పెట్రోలు కారు అనువైనది.

మీటరు అంకెలను వెనక్కి తిప్పే మోసం కొత్తది కాదు. కాబట్టి వాటిని సర్వీసు రికార్డుతోనూ, పెడళ్ల రబ్బరు, స్టీరింగు అరుగుదలతోనూ పోల్చి చూడాలి. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ ప్లాజాల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరి అయినందున, అమ్మకందారు దాని లావాదేవీల వివరాలు చూపగలిగితే కారు ఏయే రహదారులపై తిరిగిందో చాలావరకు తెలిసిపోతుంది.

హైదరాబాదులో అడగవలసిన మరో ప్రశ్న నీటికి సంబంధించినది. 2020 అక్టోబరు వరదల్లో పల్లె చెరువు, గుర్రం చెరువుల నీరు అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ వంటి ప్రాంతాలను ముంచెత్తినప్పుడు ఇళ్లతోపాటు వాహనాలూ మునిగాయి. మునిగిన కారును కడిగి, కొత్త సీటు కవర్లు వేస్తే పైకి ఏమీ తెలియదు గాని, వైర్ల కీళ్లలో పట్టిన తుప్పు నెలల తరువాత నడిరోడ్డు మీద బండిని నిలిపివేయగలదు. సీటు బెల్టును చివరివరకు లాగి మట్టి మరకలున్నాయేమో చూడడం, సీట్ల కింది పట్టాలనూ స్టెప్నీ పెట్టే గుంతనూ తుప్పు కోసం పరిశీలించడం, బీమా క్లెయిముల వివరాలు అడగడం అవసరం.

సుఖమైన ప్రయాణం విషయంలో ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, ఒక ముఖ్యమైన కొలత. అది ఎక్కువైన కొద్దీ ఎగుడుదిగుళ్లపై కారు ముందుకూ వెనక్కూ ఊగడం తగ్గుతుంది. 2018లో వచ్చిన స్విఫ్ట్‌లో ఇది 2,450 మిల్లీమీటర్లు కాగా సియాజ్‌లో 2,650, ఇన్నోవాలో 2,750. తొడల కింద ఆసరా ఇచ్చే సీటు, వెనుక కూర్చున్నవారికీ చల్లగాలి అందించే ఏసీ, ఇంజిను తక్కువ చుట్లతో నడిచేందుకు తోడ్పడే ఆరో గేరు అలసటను తగ్గిస్తాయి. దారిలోని చిన్న పట్టణంలోనైనా విడిభాగాలు, తెలిసిన మెకానిక్కు దొరికే మోడల్‌ను ఎంచుకోవడం కూడా నమ్మకంలో భాగమే.

భద్రత విషయంలో తయారీ సంవత్సరమే చాలా చెబుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జూలై నుంచి అన్ని కొత్త కార్లలో తప్పనిసరి అయ్యాయి. ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ 2022 జనవరి నుంచి ఆ జాబితాలో చేరింది. అంతకు ముందరి చౌక వేరియంట్లలో ఇవి లేకపోవచ్చు. టైరు పక్క గోడపై ఉండే నాలుగు అంకెలు దాని వయసును తెలుపుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. గాడి లోతుగా ఉన్నప్పటికీ వయసు మీరి పగుళ్లు బారిన టైరు వేసవిలో వేగంగా వెళ్లేటప్పుడు పగిలిపోయే ప్రమాదం ఉన్నది.

సందులో వేసే చిన్న ట్రయల్‌తో బండి నడకలోని లోపాలు బయటపడవు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో ఏదో ఒక భాగంపై ఏసీ వేసి, అనుమతించిన పరిమితికి లోబడి 80 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో కనీసం అరగంట నడిపితే, స్టీరింగు వణకడం, బండి ఒక పక్కకు లాగడం, చక్రాల బేరింగు మోత, ఉష్ణోగ్రత ముల్లు పైకి పాకడం వంటివి తెలుస్తాయి.

చివరి పరిశీలన కాగితాలది. ఆర్‌సీపై బ్యాంకు అప్పు నమోదై ఉంటే అది తీరినట్లు పత్రం ఉండాలి; ఇతర రాష్ట్రం నుంచి వచ్చిన కారు చౌకగా కనిపించినా, అక్కడి ఎన్‌ఓసీని, తెలంగాణలో కట్టవలసిన లైఫ్ ట్యాక్సును కలిపి ధర లెక్కించాలి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం కొన్నవారు 30 రోజుల్లోగా బదిలీని నమోదు చేయించుకోవాలి. ప్రమాద బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసినందున ఇందులో జాప్యం అమ్మినవారికీ మంచిది కాదు. టైర్లు, బ్యాటరీ, బ్రేకుల కోసం ముందుగానే కొంత సొమ్ము పక్కన ఉంచుకుని, చరిత్ర తెలిసిన కారుకు నాలుగు రూపాయలు ఎక్కువ చెల్లించడం, చరిత్ర తెలియని మెరిసే కారును చౌకగా కొనడం కంటే లాభసాటి బేరం.